కథానాయకుడి చెంపదెబ్బ - పాఠకురాలి తీర్పు

సావనీరుకు ఏదైనా వ్యాసం వ్రాసి యివ్వమని అడగడానికి విద్యార్థి సంఘం కార్యదర్శి మా యింటికి వచ్చినప్పుడు, "పెద్ద పెద్ద సాహిత్య సిద్ధాంతాలు మాత్రం వద్దు మేడమ్, ఎవరూ చదవరు" అని ముందుగానే హెచ్చరించాడు. మరి దేన్ని గురించి వ్రాయను నాయనా అంటే, మొన్న మన సెమినార్ హాలులో జరిగిన వక్తృత్వపు పోటీ గుర్తు చేశాడు. "ప్రేమ నవలలు ఆడపిల్లలకు హాని చేస్తున్నాయి" అన్నది ఆనాటి విషయం. ఎకనామిక్సు కుర్రవాడొకడు లేచి, "ఈ నవలల్లో నాయకుడు నాయికను అవమానిస్తాడు, ఎత్తుకుపోతాడు, చెంప పగలగొడతాడు. ఆఖరి పేజీలో ఆమె వెళ్ళి అతని గుండెలమీదే వాలుతుంది. ఇవి చదివి పెరిగిన పిల్ల రేపు మొగుడు కొట్టినా ప్రేమే అనుకుంటుంది. వీటిని తగలబెట్టాలి" అన్నాడు. వెంటనే సెకండియర్ బి.ఏ. అమ్మాయి మైకు అందుకుని, "నేను యింతవరకు రెండు వందలు చదివాను. నన్నెవరైనా ఒక్క దెబ్బ కొడితే ఏమవుతుందో కావాలంటే యిక్కడే చూపిస్తాను" అంది. హాలంతా ఒకటే చప్పట్లు.

న్యాయనిర్ణేతలలో నేనొకదాన్ని. ఇద్దరికీ సమానంగా మార్కులు పడ్డాయి. అయిదేసి నిమిషాల ప్రసంగాలకు అంతకంటే ఏం చేస్తాం? కాని ఆ యిద్దరి మాటల మధ్యా ఉన్న జాగాలో దాదాపు మూడు వందల ఏళ్ళ పాఠకుల చరిత్ర ఉన్నది. ప్రేమ నవలల్లో క్రౌర్యం ఉన్నదా అంటే, ఉన్నది. దానికి వాదోపవాదాలు అక్కరలేదు. ఆ క్రౌర్యాన్ని చదివే మనిషి దాన్ని ఏమనుకుంటున్నది, దేన్ని క్షమిస్తున్నది, ఎక్కడ పుస్తకం మూసి విసిరి కొడుతున్నది అన్నదే అసలు సంగతి. దాన్ని గూర్చి నాకు తెలిసినంత చెబుతాను.

ఈ తగాదా మనతో మొదలైంది కాదు. 1740లో శామ్యూల్ రిచర్డ్‌సన్ అనే లండన్ ముద్రాపకుడు "పమేలా" అనే నవల అచ్చువేశాడు. పదిహేనేళ్ళ పనిపిల్ల పమేలా. యజమాని ఆమె మీద కన్నువేస్తాడు. దాక్కుని పొంచి చూస్తాడు, ఆమె ఉత్తరాలు కాజేస్తాడు, మోసంతో మరో ఊళ్ళో ఉన్న బంగళాకు తరలించి బంధిస్తాడు, రాత్రివేళ పనిమనిషి వేషంలో ఆమె పడకగదిలో చేరతాడు. ఆమె లొంగదు. అతడు ఆమె వ్రాసుకున్న ఉత్తరాలు చదివి మనసు మార్చుకుని పెళ్ళి చేసుకుంటాడు. ఆమె సంతోషంగా చేసుకుంటుంది! ఇంగ్లండులో ఒక పల్లెలో జనం కమ్మరి కొలిమి దగ్గర చేరి ఈ నవల చదివించుకుని విన్నారనీ, పమేలా పెళ్ళి ఘట్టం రాగానే వెళ్ళి చర్చిగంటలు మోగించారనీ ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గాని, ఆ ఆనందం మాత్రం నిజం. అదే సమయంలో హెన్రీ ఫీల్డింగ్‌కు ఒళ్ళు మండింది. 1741లో "షమేలా" అని ఒక వెక్కిరింపు పుస్తకం వ్రాసి, ఆ పిల్ల అమాయకురాలు కాదు, ధర పెంచుకున్న గడుసుది అన్నాడు. పాఠకలోకం రెండు పక్షాలయింది. ఒక పక్షం శీలాన్ని మెచ్చుకుంది, రెండో పక్షం నక్కజిత్తులను ఎత్తిచూపింది. చిత్రమేమిటంటే, తగువంతా పమేలా మీదే. ఆమెను ఎత్తుకుపోయిన యజమాని ఏమిటి అన్న ప్రశ్న ఆ తగువులో వెనక్కే పోయింది.

1847లో వచ్చిన "వదరింగ్ హైట్స్" సంగతి మరీ విడ్డూరం. మన ఇంగ్లీషు ఎం.ఏ. విద్యార్థులకు తెలిసిందే. హీత్‌క్లిఫ్ ఇసబెల్లాను లేవదీసుకుపోయే రాత్రి ఆమె పెంపుడు కుక్కపిల్లను ఉరివేస్తాడు. పెళ్ళయ్యాక ఆమెను నానా హింసా పెడతాడు. పైగా, ఇది నన్నేదో ప్రేమకథల వీరుణ్ణని ఊహించుకుని వచ్చింది, చూడండి దీని తెలివి అని ఇతరుల ముందే ఎగతాళి చేస్తాడు. అంటే ఎమిలీ బ్రాంటే తన పాఠకురాలిని పేరుపెట్టి పిలిచినంత పనిచేసి, అమ్మాయీ, ఇతణ్ణి చూసి మోసపోకు అని పుస్తకంలోనే చెప్పింది. ఎవరు విన్నారు? 1939లో హాలీవుడ్ వాళ్ళు సినిమా తీసినప్పుడు నవలలో రెండో తరం కథ, అంటే హీత్‌క్లిఫ్ పిల్లల మీద సాగించిన కక్ష అంతా, పూర్తిగా వదిలేశారు. లారెన్స్ ఒలివియర్ ముఖం, కొండగాలి, విరహం మిగిలాయి. ఏళ్ళ తరబడి క్లాసులో ఈ నవల చెప్పాను. ఏటా ముందు బెంచీలో ఒకరైనా "పాపం హీత్‌క్లిఫ్" అని నిట్టూర్చేవారు. పాపం కుక్కపిల్ల అన్నవాళ్ళు మాత్రం బహు తక్కువ.

మనవైపు చూడండి. శరత్‌బాబును తెలుగువాడే అనుకుని చదివిన తరాలు మనకున్నాయి. 1917లో అచ్చయిన ఆయన "దేవదాసు"లో, పెళ్ళి నిశ్చయమైన పార్వతి ఎదురుచెప్పినందుకు దేవదాసు చేపలు పట్టే గాలపు కర్రతో ఆమె నుదుటి మీద కొడతాడు. రక్తం కారుతుంది. ఆ మచ్చ జీవితమంతా ఉండిపోతుంది. పార్వతి దాన్ని అతని గుర్తుగా దాచుకుంటుంది. 1953లో మన తెలుగు "దేవదాసు" వచ్చాక ఆ పేరే విఫలప్రేమకు మారుపేరైపోయింది. గడ్డం పెంచిన ప్రతి కుర్రాడూ దేవదాసే. ఆ దెబ్బను హింస అని లెక్కవేసిన పాఠకులు ఎందరు? మేమంతా కొట్టినవాడి కోసమే ఏడ్చాం. దానికి ఒక కారణమున్నది. అతడు ఆమెను కొట్టి సుఖపడలేదు, తాగి తాగి చచ్చిపోయాడు. పాఠకుడి లెక్కలో అతడు బాకీ తీర్చేశాడు. ఈ "బాకీ" అన్న మాట గుర్తు పెట్టుకోండి, దానితో ముందు పనిపడుతుంది.

ఇక బజారు ప్రేమ నవలల సంగతి. మిల్స్ అండ్ బూన్ 1908లో లండనులో పెట్టిన కంపెనీ. కెనడాలో 1949లో మొదలైన హార్లెక్విన్ దాన్ని 1971లో కొనేసింది. మన కాలేజీ పిల్లలు "ఎం.బి.లు" అంటూ హాస్టల్లో చేతులు మార్చుకున్నవి యివే. వీటికి ముందే, 1919లో ఇ.ఎం. హల్ అనే ఆవిడ "ది షేక్" వ్రాసింది. ఎడారిలో అరబ్బు నాయకుడు ఇంగ్లీషు పిల్లను ఎత్తుకుపోయి చెరుస్తాడు, తర్వాత ఆమె అతణ్ణి ప్రేమిస్తుంది. 1921లో వాలెంటినోతో సినిమా తీసినప్పుడు ఆ చెరచడాన్ని తీసేశారు. నవలలో చదివి భరించిన దాన్ని తెరమీద చూసి భరించలేరని సినిమావాళ్ళ లెక్క కాబోలు. 1972లో అమెరికాలో కాథ్లీన్ వుడివిస్ వ్రాసిన "ది ఫ్లేమ్ అండ్ ది ఫ్లవర్" మరీ తిన్నగా మొదలవుతుంది. మొదటి కలయికలోనే నాయకుడు నాయికను వేశ్య అనుకుని బలాత్కారం చేస్తాడు. అయినా లక్షల మంది ఆడవాళ్ళు కొన్నారు. దాని దారిలో వందల నవలలు వచ్చాయి.

ఎందుకు కొన్నారు? ఆడవాళ్ళకు దెబ్బలు తినడం యిష్టమని తేల్చేసిన పెద్దమనుషులున్నారు. అది మాట్లాడదగిన వాదన కాదు. మంచిపిల్లకు కోరిక ఉండకూడదని చెప్పిన కాలంలో, "నా తప్పేం లేదు, అతడే బలవంతం చేశాడు" అన్న కథ ఒక్కటే ఆమెకు కోరికను తాకనిచ్చిన కిటికీ అని కొందరన్నారు. ఇందులో కొంత సత్యమున్నది. 1982లో టానియా మోడ్లెస్కీ అనే విమర్శకురాలు మరో మెలిక చూపించింది. కథలో నాయికకు నాయకుడి మనసు తెలియదు, చదివే ఆమెకు తెలుసు. వాడు కసిరినప్పుడల్లా నాయిక ఏడుస్తుంది, పాఠకురాలు మాత్రం లోపల నవ్వుకుంటుంది, ఉండు నాయనా, రెండు వందల పేజీలు పోనీ, నీవే కాళ్ళబేరానికి వస్తావు అని. అంటే ఆ పఠనంలో లొంగుబాటు ఎంతో, పగ తీర్చుకోవడమూ అంతే. ప్రేమ నవలా రచయిత్రులే పూనుకుని 1992లో తమ వ్యాసాలను ఒక సంపుటంగా వేసుకున్నారు. అందులో లారా కిన్‌సేల్ అన్నావిడ, పాఠకురాలు ఎప్పుడూ నాయిక పక్షాన్నే నిలబడుతుందని మీకెవరు చెప్పారు, చాలాసార్లు ఆమె నాయకుడి లోపల దూరి అతనితోపాటు ప్రయాణం చేస్తుంది అన్నది. గుర్రమెక్కి, కోపం తెచ్చుకుని, అధికారం చెలాయించే వేషం ఆడదానికి యింకెక్కడ దొరుకుతుంది మరి!

ఇవన్నీ పుస్తకాన్ని చూసి చేసిన ఊహలు. వెళ్ళి చదివేవాళ్ళనే అడిగిన మనిషి జానిస్ రాడ్వే. 1984లో ఆమె "రీడింగ్ ది రొమాన్స్" వచ్చింది. అమెరికా మధ్యభాగంలో ఒక ఊరు, దానికి ఆమె పెట్టిన మారుపేరు స్మిత్‌టన్. అక్కడ పుస్తకాల దుకాణంలో పనిచేసే ఒకావిడ, ఆమెకూ మారుపేరే, డాట్. ఏ ప్రేమ నవల బాగుంటుందో, ఏది డబ్బు దండగో డాట్ చెబితే చుట్టుపక్కల గృహిణులకు వేదవాక్కు. రాడ్వే ఆ ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడింది, 42 మందితో ప్రశ్నాపత్రాలు నింపించింది. ఎక్కువమంది భార్యలు, తల్లులు. ఎందుకు చదువుతారమ్మా అంటే, పుస్తకం చేతిలో ఉన్నంతసేపూ నేను ఎవరికీ వండక్కరలేదు, వడ్డించక్కరలేదు, ఆ కాస్సేపూ నాది అన్న అర్థంలో జవాబులు వచ్చాయి. మన అమ్మలు మధ్యాహ్నం అంట్లు తోమాక వంటింటి గడపమీద తలపెట్టుకుని వారపత్రిక చదివిన దృశ్యం చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కరలేదు.

క్రౌర్యం గురించి వాళ్ళు చెప్పింది మరీ ఆసక్తికరం. బలాత్కారం, శారీరక హింస తమకు నచ్చని వాటిలో ముందు వరుసలోవే అన్నారు. అలా అన్న వాళ్ళకే "ది ఫ్లేమ్ అండ్ ది ఫ్లవర్" మహా యిష్టం! ఇదేమిటమ్మా అంటే వాళ్ళ దగ్గర లెక్క ఉన్నది. నాయకుడు పొరబడి చేశాడా, అసూయతో ఒళ్ళు తెలియక చేశాడా, లేక ఆమె బాధ చూసి ఆనందించాడా? మొదటి రెండూ అయితే, అదీ మితంగా ఉంటే, తర్వాత అతడు కుమిలిపోతే, సరే. మూడోది అయితే ఎంత అందగాడైనా పనికిరాడు. వాళ్ళు మెచ్చిన ఆదర్శ నాయకుడు కొట్టేవాడు కానే కాదు. కరుకు పైతొడుగు కింద తల్లిలాంటి మెత్తదనం ఉన్నవాడు. ఇంకొక అలవాటు చెప్పారు. కొందరు పుస్తకం కొనేముందు చివరి పేజీలు తిప్పి చూసుకుంటారట. సుఖాంతం ఖాయమని తెలిశాకే మొదటి పేజీకి వస్తారు. అంటే ఆ దెబ్బను వాళ్ళు ఎన్నడూ ఏమవుతుందో తెలియని దెబ్బగా చదవలేదు.

మన తెలుగులో ఈ తీర్పులు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే మా రోజుల్లో అద్దె పుస్తకాల షాపుకు వెళ్ళవలసిందే. మన కాలేజీకి రెండు వీధుల అవతల ఒకటుండేది. అరువు పుస్తకం మీద వ్రాతలు వ్రాయకూడదని అట్టమీద పెద్ద అక్షరాలు, లోపల ప్రతి పేజీ అంచునా పెన్సిలు వ్రాతలు. విమర్శకులు వ్రాసిన సంపుటాలు ఎన్నో చదివానుగాని, ఆ అంచులంత నిజాయితీ వాటిలో తక్కువ. నాయకుడు నాయికను అనుమానించి నోటికొచ్చినట్టు తిట్టిన చోట ఒకరు "వీడికి చెప్పుదెబ్బలు" అని వ్రాశారు. దాని కింద వేరే చేతివ్రాత: "తొందరపడకు, 212 చూడు." 212లో అతడు క్షమాపణ అడుగుతాడు. అక్కడ మూడో చేతివ్రాత: "ఇంతేనా? చాలదు." ఇంకొక నవలలో నాయకుడు చెంపమీద కొట్టిన పేరా పక్కన ఎవరో "అబ్బ!" అని మాత్రం వ్రాశారు. అది నొప్పితో అన్న అబ్బో, పులకింతతో అన్న అబ్బో మా గదిలో నలుగురం తేల్చుకోలేకపోయాం.

ఆ రోజులు యద్దనపూడి సులోచనారాణి గారి రోజులు (1940-2018). "మీనా", "జీవన తరంగాలు" రెండూ 1973లో సినిమాలయ్యాయి, "సెక్రటరీ" 1976లో. కోడూరి కౌసల్యాదేవి గారి "ప్రేమ్‌నగర్" 1971లోనే తెరకెక్కింది. సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచి, దారంతో కుట్టి, బైండు చేయించుకున్న యిళ్ళు ఎన్నో. ఆడవాళ్ళ పేరుతో వ్రాస్తేగాని అచ్చు కాదని మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకున్న కాలమది. "సెక్రటరీ"లోని రాజశేఖరం ఎందరో అమ్మాయిలకు కొలబద్ద. ఆరడుగుల ఎత్తు, కారు, తక్కువ మాటలు, ఎక్కువ పొగరు. నిజం చెప్పాలంటే మన నవలా నాయకుడు పాశ్చాత్య నాయకుడిలా ఎత్తుకుపోయే రకం కాదు. అతని ఆయుధం వేరు. మాట్లాడకపోవడం, అనుమానించడం, మనసులో మాట దాచి మాటతో పొడవడం. ఎదురుగా ఉన్న నాయిక కూడా మామూలుది కాదు, పేదదే అయినా ఆత్మాభిమానం బండెడు. ఆ యిద్దరి పంతాల మధ్య నలిగే సుఖం కోసమే మేము చదివాం. యద్దనపూడి నాయిక సులభంగా వంగదు, అందుకే నాయకుడే ముందు వంగవలసి వచ్చేది. దీన్ని గుర్తించకుండా "అవి పగటికలలు" అని ఒక్కమాటతో కొట్టిపారేసిన విమర్శకులంటే నాకు యిప్పటికీ చిరాకే.

అలాగని అంతా చక్కగా ఉన్నదనీ అనను. రంగనాయకమ్మ గారు "జానకి విముక్తి"లో చూపిన మొగుడు వెంకట్రావుకు ఏ రహస్య దుఃఖమూ లేదు, ఏ గాయమూ లేదు. అతడు మామూలు మనిషి, మామూలుగా పెళ్ళాన్ని హింసిస్తాడు. జానకి విడిపోవాలా వద్దా అన్నది తెలుగిళ్ళలో నిజంగా తగువులు పెట్టిన ప్రశ్న. రాజశేఖరాన్ని చదివిన చేతులే జానకినీ చదివాయి. ఒకే వారపత్రికలో ప్రేమ సీరియల్ ఒక పేజీలో నడిచేది, మరో పేజీలో పాఠకురాళ్ళు తమ కాపురాల కష్టాలు చెప్పుకునేవారు. ఆంధ్రప్రభలో మాలతీ చందూర్ గారి "ప్రమదావనం" దశాబ్దాలపాటు అలా జవాబులు చెప్పింది. రెండు పేజీలూ చదివిన ఆడదానికి కథేదో కాపురమేదో తెలియదనుకోవడం అన్యాయం.

1990లలో రాధికా పరమేశ్వరన్ అనే పరిశోధకురాలు మన హైదరాబాదులోనే కాలేజీ అమ్మాయిలతో కూర్చుని వాళ్ళ మిల్స్ అండ్ బూన్ పఠనం మీద పరిశోధన చేసింది. అద్దె లైబ్రరీలు, పెద్దవాళ్ళ కళ్ళుగప్పి చదవడం, ఇంగ్లీషు మెరుగుపడుతుందన్న సాకు, ఇంట్లో ఎవరూ చెప్పని శరీర సంగతులు తెలుసుకోవాలన్న కుతూహలం, అన్నీ అందులో ఉన్నాయి. మన వక్తృత్వపు పోటీలో "తగలబెట్టాలి" అన్న కుర్రవాడు ఆలోచించవలసిన సంగతి ఇది. ఆ పుస్తకం తగలబెడితే, దాని బదులు ఆ పిల్లకు ఆ సంగతులు చెప్పేదెవరు?

2011లో "ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే" వచ్చాక తగువు మళ్ళీ రాజుకుంది. కోటీశ్వరుడు, చిన్నప్పుడు గాయపడ్డవాడు, ఆమె ఎక్కడికి వెళ్ళినా కనిపెట్టేవాడు. 2013లో అమెరికాలో ఆమీ బొనోమీ బృందం ఆ నవలను, భార్యాభర్తల మధ్య హింసకు ప్రభుత్వ ఆరోగ్యశాఖ వారిచ్చిన నిర్వచనంతో సరిచూసి, మానసిక హింస దాదాపు అడుగడుగునా ఉన్నదని తేల్చింది. మరుసటి ఏడు ఆరు వందలకు పైబడిన యువతులను అడిగి, ఆ నవల చదివినవాళ్ళలో హింసించే జోడీలు తగిలినవాళ్ళు ఎక్కువగా కనిపించారని ప్రకటించింది. పత్రికలు దీన్ని "నవల చదివితే దెబ్బలు తప్పవు" అన్నట్టు మోసేశాయి. అది కాదు అర్థం. నవల ముందా, దెబ్బ ముందా అన్నది ఆ లెక్కలో తేలదు. దెబ్బ తిన్న పిల్లే ఆ పుస్తకం వెతుక్కుని ఉండవచ్చు, తన సంగతికి అందులో ఒక సుఖాంతం దొరుకుతుందేమోనని.

సరిగా ఇక్కడే నాకు భయం. 1979లో లినోర్ వాకర్ అనే మనస్తత్వవేత్త దెబ్బలు తిన్న స్త్రీల మాటలు విని ఒక చక్రాన్ని గుర్తించింది. మొదట ఇంట్లో బిగుసుకుపోయే వాతావరణం. తరువాత దెబ్బ. మూడోది పశ్చాత్తాపం - కన్నీళ్ళు, పూలు, చీర, యిక జన్మలో చేయను అన్న ఒట్టు. మళ్ళీ మొదటిది. ప్రతి కాపురమూ యిదే వరుసలో నడవదని తర్వాతివాళ్ళు సవరించారుగాని, ఆ మూడో దశను చూడండి. అది అచ్చం ప్రేమ నవల చివరి అధ్యాయం! నాయకుడు మోకాళ్ళమీద పడ్డాడు, తన చిన్ననాటి గాయం చెప్పుకున్నాడు, ఆమె క్షమించింది. నవల అక్కడ అట్ట మూసుకుంటుంది, కాపురం మూసుకోదు. స్మిత్‌టన్ ఆడవాళ్ళ లెక్క నవలకు బాగా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ నాయకుడు ఎందుకు కొట్టాడో చెప్పేది రచయిత్రి, ఆమె అబద్ధం చెప్పదు. ఇంట్లో ఆ కారణం చెప్పేది కొట్టినవాడే. దేవదాసు బాకీ ఒక్కసారి తీరిపోయింది. వీడు ప్రతి శనివారం బాకీ తీర్చి ప్రతి శుక్రవారం కొత్త అప్పు చేస్తాడు.

కొన్నేళ్ళ క్రితం నా పాత విద్యార్థిని ఒకతె పిల్లాణ్ణి చంకనేసుకుని మా యింటికి వచ్చింది. మోచేతి దగ్గర కమిలి ఉన్నది. "ఆయన కొట్టాక చాలా ఏడుస్తారు మేడమ్. ఆ ఏడుపు చూసి ఆగిపోతాను" అంది. నేను లోపల అనుకున్నాను, ఈ పిల్ల ఏ నవలలు చదివిందో అని. అడిగాను కూడా. "నాకు నవలల అలవాటు లేదండీ. మా అమ్మ చెప్పింది, మగాడు ఏడ్చాడంటే మారినట్టేనని. మా అత్తగారూ అదే అన్నారు" అంది. ఆ సుఖాంతం కథ ఆమెకు రెండు కుటుంబాలు నోటిమాటగా అప్పజెప్పాయన్నమాట. 1983లో శిక్షాస్మృతిలో 498-ఎ చేర్చారు. 2005 గృహహింస చట్టం మాటలతో, మానసికంగా, డబ్బు బిగబట్టి చేసే హింసను కూడా హింసే అన్నది. ఆ నిర్వచనం పెట్టి చూస్తే మా బైండు పుస్తకాల నాయకుల్లో చాలామంది బోనెక్కవలసినవాళ్ళే. ఆ పిల్ల ఆ చట్టం పేరు వినలేదు, "మగాడు ఏడ్చాడంటే" అన్నది మాత్రం కంఠతా వచ్చు.

పాఠకులు కూడా ఉన్నచోటే లేరు. 2016లో కొలీన్ హూవర్ "ఇట్ ఎండ్స్ విత్ అస్" వ్రాసింది. డాక్టరు నాయకుడు, అందగాడు, అతనికీ చిన్ననాటి గాయం ఉన్నది. మొదటి దెబ్బకు నాయికతోపాటు మనమూ క్షమిస్తాం, అలవాటు ప్రకారం. రెండోసారి వాకర్ చెప్పిన చక్రం తిరగడం మొదలవుతుంది. చివరికి ఆమె బిడ్డను ఎత్తుకుని, అతణ్ణి ప్రేమిస్తూనే విడాకులు అడుగుతుంది. పాత సూత్రాన్ని పాత సూత్రంతోనే విరగ్గొట్టిన నవల అది. దీన్ని ప్రేమకథ అంటూ అమ్మడమేమిటని కొందరు పాఠకులకు కోపం. 2023 జనవరిలో ప్రచురణకర్తలు దాని మీద రంగులు వేసుకునే బొమ్మల పుస్తకం తెస్తామని ప్రకటించారు. దెబ్బలు తిన్న ఆడదాని కథకు రంగులేమిటని పాఠకులు దుమ్మెత్తిపోస్తే ప్రచురణ ఆపేశారు, రచయిత్రి క్షమాపణ చెప్పుకున్నది. ఇప్పుడు మరో రకం నవలలు వస్తున్నాయి. నాయకుడే దుర్మార్గుడని ఒప్పుకుని, లోపల ఏయే క్రౌర్యాలున్నాయో మొదటి పేజీలోనే జాబితా వేస్తారు. మా మేనకోడలి కూతురు ఆ జాబితా చదివాకే కథలోకి దిగుతుంది. స్మిత్‌టన్ ఆవిడలు చివరి పేజీ తిప్పి చూసుకున్నట్టే. ఆ పిల్లనే అడిగాను, ఇందులో వీడు చేసింది నిజంగా ఎవడైనా చేస్తే? "పోలీసులకు ఫోన్ చేస్తాను అమ్మమ్మా. వీడు పుస్తకంలో వాడు కదా" అంది, అదొక ప్రశ్నా అన్నట్టు. మరి "నన్ను క్షమించు, నాకు చిన్నప్పుడు ఎవరూ ప్రేమ పంచలేదు" అని ఏడిస్తే? కాస్సేపు ఆలోచించింది. "అది కష్టం" అంది.

రిటైరయ్యే ముందు రెండేళ్ళు నేను క్లాసులో ఒక పని చేయించాను. "మీకు నచ్చిన ప్రేమ నవల ఏదైనా తీసుకుని, చివరి పేజీ తరువాత సరిగ్గా ఏడాదికి ఆ యింట్లో ఒక సాయంత్రం ఎలా ఉంటుందో ఒక పేజీ వ్రాయండి" అని. మగపిల్లలు ఎక్కువమంది బారసాల వ్రాశారు. ఆడపిల్లల్లో కొందరు నాయకుడి చేత వంట చేయించారు, ఒకతె కారు అమ్మించింది. వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి మాత్రం నాలుగే వాక్యాలు వ్రాసింది. అతడు ఆలస్యంగా వచ్చాడు. గిన్నె విసిరాడు. నాయిక బీరువాలోంచి తన బ్యాంకు పుస్తకం తీసి చూసుకుంది. ఏడాది పూర్తి కావడానికి యింకా మూడు రోజులుంది.

పదికి ఎనిమిది వేశాను. వాక్యాలు తక్కువని రెండు తగ్గించారా అని ఆ అమ్మాయి స్టాఫ్ రూముకు వచ్చి మరీ తగువుపెట్టుకున్నది. తొమ్మిది చేసి పంపాను.